కొండమీది స్తంభము – కొంపలోని తెఱ

నూతిలో నీరు ఊరుచున్నంత కాలము చేద త్రాటిని గూర్చియే కాని ఊటను గూర్చి ఏ యిల్లాలును తలపోయదు. మన యిండ్లలో నిత్యము వాడుకొను వస్తువుల గతియు నిట్టిదే. ఒక మీట నొక్కిన దీపము వెలుగును. మఱియొక మీట నొక్కిన టెలివిజను తెఱమీద మనుష్యులు మాటలాడుదురు. ఆ బొమ్మ ఎచ్చట బయలుదేరినది, ఏ కొండ దాటి వచ్చినది, మన యింటికప్పుమీది లోహపు కడ్డీలు దాని నెట్లు పట్టుకొన్నవి అను ప్రశ్న మనకు తోచదు. మాకును తోచియుండలేదు. 2021వ సంవత్సరము ఆగస్టు 10వ తేది మంగళవారము మధ్యాహ్నము తోచినది. అది మొదలు 64 దినముల పాటు మా వీధి యంతటికిని అదియే మాట యయ్యెను. ఆ దినములలో మేము నేర్చుకొన్న దానిని సోదరీమణులతో చెప్పుకొనుటకే ఈ వ్యాసము.

మేముండునది ఇంగ్లండు దేశపు ఈశాన్యభాగమున, టీస్ నదికి దక్షిణమున, నార్త్ యార్క్ మూర్స్ అను ఎత్తైన బీడుభూముల పాదమున నున్న ఒక చిన్న యూరు. మా వారు అచ్చటి పాఠశాలలో విజ్ఞానశాస్త్రము బోధించు ఉపాధ్యాయులు. మేము బడికి పోయి చదివినవారము కాము. కృష్ణాజిల్లాలో మా తాతగారి యరుగుమీద కూర్చుండి పద్యములును శ్లోకములును వల్లెవేసి పెరిగినవారము. కాబట్టి తరంగముల సంగతి మాకు వంటయింటి బల్లయొద్ద మా వారు చెప్పగా విని, మాకు తెలిసిన వానితో పోల్చుకొని, గ్రహించినదే.

ప్రక్కయింటి అమ్మమ్మగారు

ఈ దేశమున జంట యిండ్లు విస్తారము. రెండు కుటుంబములకు నడుమ నొకే గోడ. మా గోడ కావలివైపున అప్పటికి 84 ఏండ్ల ముదుసలి యొకరు ఒంటరిగా నివసించుచుండిరి. భర్త గతించి చాలకాల మయినది. కుమారుడు సముద్రముల కావల నున్నాడు. మేము కాపురమునకు వచ్చిన క్రొత్తలో వారి నేమని పిలువవలయునో తెలియక, మన యలవాటు చొప్పున "అమ్మమ్మగారూ" అంటిమి. వారు అర్థమడిగి తెలిసికొని, రెండుమూడు మారులు పలికి చూచుకొని, ఆ పేరునే స్వీకరించిరి.

అమ్మమ్మగారికి గడియారము కంటె టెలివిజనే కాలమును చక్కగా తెలిపెడిది. ఉదయపు వార్తలతో తేనీరు. ఒంటిగంట వార్తలతో గిన్నెడు సూపు, రొట్టె. మాపటివేళ ప్రశ్నోత్తరముల పందెము. అందు పోటీదారులకంటె ముందుగా వారే జవాబు చెప్పెడివారు. సాయంకాలము ఆఱున్నరకు ప్రాంతీయ వార్తలు, ఆ వెనుక మఱునాటి వాతావరణము. 2020లో మహమ్మారి వచ్చి తలుపులన్నియు మూతపడిన నెలలలో ఆ యింట మనుష్య స్వరము వినబడినది ఆ పెట్టెనుండియే. ఇంటర్నెట్టు వారి యింట లేదు. "నెలనెలా ఒక బిల్లు, దానికొక పెట్టె, పెట్టెకొక సంకేతపదము, ఇవన్నియు నాకేల? మా వారు బిగించిన ఆంటెన్నా కప్పుమీద నున్నది గదా" అనెడివారు. ఆ మాట సత్యమే. ఏటికొకసారి ప్రభుత్వమునకు చెల్లించు అనుమతి రుసుము తప్ప, కప్పుమీది కడ్డీకి ఎవరికిని ఏమియు నీయ నక్కఱలేదు.

మాకును ఆ పెట్టెవలన ఒక యుపకారము కలదు. అమ్మమ్మగారికి వినికిడి కొంచెము మందము. అందుచే ధ్వని హెచ్చుగా పెట్టుకొనెడివారు. ఉదయము ఏడుగంటలకు గోడవెంట వార్తల సవ్వడి వినబడిన, వారు లేచినారని మాకు తెలిసెడిది. ఆ సవ్వడి క్షేమసమాచార మని మేమప్పుడెన్నడు ననుకొనలేదు. అది నిలిచిపోయిన పిదపనే తెలిసినది.

ఆ మధ్యాహ్నము

ఆనాడు ఒంటిగంట దాటిన కొంతసేపటికి అమ్మమ్మగారు మా తలుపు తట్టిరి. "మీ పెట్టె పలుకుచున్నదా, బిడ్డా?" అని యడిగిరి. పోయి చూచితిమి. మా తెఱయు నల్లబడి యున్నది. సంకేతము లేదని మాత్రము రెండు మాటలు కనబడుచుండెను. మేము ఉపకారము చేయదలచి వారి యింటికి పోయి, రిమోటు తీసికొని, పెట్టెను మొదటినుండి మఱల శ్రుతి చేయ మొదలిడితిమి. అది ఆకాశమంతయు వెదకి, ఏమియు కానరాక, తనయొద్ద నున్న ఛానెళ్ల పట్టిక నంతయు చెరిపివేసి, సున్న యని చూపెను. మా వారు వచ్చి చూచి, "ఉన్న పట్టికను కూడ తుడిచివేసితివా?" అనిరి. ఏమి చెప్పుదుము? రోగమేదో తెలియకముందే మందు వేసిన వైద్యునివలె నిలిచితిమి.

కొంతసేపటికి ఫోనులో వార్త వచ్చినది. బిల్స్‌డేల్ స్తంభమునకు నిప్పంటుకొన్నదట. ఆగస్టు నెలలో ఆ బీళ్లన్నియు హీథర్ పూలతో ఊదారంగు పఱచినట్లుండును. ఆ పూల నడుమ నిలిచిన ఉక్కు స్తంభమునుండి పొగ లేచుచున్న చిత్రమును వీధిలో ఒకరి ఫోనునుండి ఒకరికి చూపుకొనిరి. లోపల పనిచేయువారు బయటికి వచ్చివేసిరి, ప్రాణహాని కలుగలేదు. కాని లక్షల యిండ్లలో తెఱలు ఒక్కసారిగా నల్లబడెను. ఆ స్తంభమునుండియే వచ్చు కొన్ని రేడియో ప్రసారములును మూగవోయెను.

స్తంభము పుట్టుపూర్వోత్తరములు

బిల్స్‌డేల్ స్తంభమును 1969లో నిలిపిరి. ఎత్తు 314 మీటర్లు. ఢిల్లీలోని కుతుబ్ మీనారువంటివి నాలుగు ఒకదానిపై నొకటి నిలిపినను దానికి తక్కువయే. ఉక్కు త్రాళ్లు చుట్టును లాగి పట్టియుండగా అది 52 ఏండ్లు ఆ గాలిలో నిలిచినది. ఆ 1969లోనే, మార్చి 19వ తేదిని, యార్క్‌షైరులో దక్షిణముగా నున్న ఎమ్లీ మూర్ అను చోట ఇట్టిదే యగు మఱియొక స్తంభము మంచు పేరుకొని ఆ బరువునకు కూలిపోయెను. దాని స్థానమున 1971లో కాంక్రీటు గోపుర మొకటి, సుమారు 330 మీటర్ల యెత్తున, పనిలోనికి వచ్చినది. అది నేటికిని నిలిచియున్నది.

ఇంత యెత్తేల యని యడుగుదురేమో. టెలివిజను తరంగములు వెలుగువలె ఇంచుమించు తిన్నగా పోవును. కొండ అడ్డమైన దాని వెనుక నీడ పడును. కాబట్టి ఎత్తైన కొండమీద ఎత్తైన స్తంభము; దాని చూపు సోకని లోయలకు చిన్న గుట్టలమీద ఉపప్రసారిణులు. ఈ దేశమున 80 పెద్ద ప్రసారిణులును, వేయికి పైగా చిన్నవియు కలవు. అన్నియు కలిసి నూటికి 98 యిండ్లకు పైగా ముఖ్యమగు ఛానెళ్లను చేర్చుచున్నవి. పెద్దదానిని నమ్ముకొని చిన్నవి పెక్కు బ్రతుకును. పెద్దది పడిన, దాని నుండి తీసికొని మఱల పలుకు చిన్నవియు మౌనము వహించును. బిల్స్‌డేల్ విషయమున అదియే జరిగినది.

పద్యమును, ప్రతిధ్వనియును

మన పిన్ననాటి టెలివిజను వేఱు. మా యింటి మేడమీద వెదురుగడకు కట్టిన ఆంటెన్నా కొండపల్లివైపు చూచుచుండెడిది. గాలి వీచిన బొమ్మ వణకును. మబ్బు పట్టిన తెఱమీద మంచు కురియును. ఒక్కొక్కప్పుడు ఒకే మనిషి ఇద్దఱుగా కనబడును. ఒకరు మేడమీద, ఒకరు గుమ్మమున, ఒకరు పెట్టెయొద్ద నిలిచి, "వచ్చిందా?" "ఇంకా రాలేదు!" "కొంచెం ఎడమకు తిప్పు!" అని కేకలు వేయుట ఏ యింటివారు ఎఱుగరు? అది అనలాగ్ పద్ధతి. సంకేతము క్షీణించుకొలది బొమ్మయు మెల్లమెల్లగా క్షీణించెడిది. ముసలితనము వచ్చినట్లు, ముందుగా హెచ్చరించుచు వచ్చెడిది.

డిజిటల్ పద్ధతి యట్టిది కాదు. బిల్స్‌డేల్ ప్రసారము 2012 సెప్టెంబరులో పూర్తిగా ఈ పద్ధతికి మాఱినది. ఇందు బొమ్మయు మాటయు మొదట అంకెలుగా మాఱును. ఆ యంకెలే తరంగములపై నెక్కి వచ్చును. దారిలో కొన్ని యంకెలు చెడిపోవుట తప్పదు. ఐనను తెఱమీద బొమ్మ చెక్కు చెదరకుండుట ఎట్లని మా వారి నడిగితిమి. వారు చెప్పినది మాకు పద్యములవలన తెలిసినది.

ఉత్పలమాలలో పాదమునకు 20 అక్షరములు. ఏ యక్షరము గురువో ఏది లఘువో గణములు చెప్పును. రెండవ యక్షరము ప్రాస. పదియవ యక్షరము యతి. తాటాకును పురుగు తిని ఒక యక్షరము పోయినదనుకొనుడు. చదివినవాడు గణము చూచి, యతిప్రాసలు చూచి, అర్థము చూచి, పోయిన యక్షర మిదియని చెప్పగలడు. పద్యము మఱల పూర్ణమగును; పురుగు తిన్న దని వినువానికి తెలియనే తెలియదు. అట్లే ప్రసారకులు అసలు అంకెలతోపాటు, వానిని సరిచూచుకొనుటకు కొన్ని కాపు అంకెలను చేర్చి పంపుదురు. మన పెట్టె వానిని బట్టి చెడిన వానిని దిద్దుకొనును. కాని ఒక పాదమున పది పండ్రెండక్షరములు పోయిన ఎంతటి పండితుడు మాత్రమేమి చేయగలడు? డిజిటల్ ప్రసారమునకును అట్టి యంచు కలదు. ఆ యంచు వఱకు బొమ్మ నిర్మలముగా నుండును; అంచు దాటిన క్షణమున చతురములుగా పగిలి, గొంతు తెగి, నల్లబడును. నడుమ స్థితి బహుస్వల్పము. ఇది గొప్ప సుగుణము, గొప్ప దోషము కూడ. తెఱ బాగుగా నున్నది గదా యని మనము నిశ్చింతగా నుందుము. అది అంచున నిలిచియున్న సంగతి మనకు కానరాదు.

మఱి పాతకాలపు జంటబొమ్మ లేమైనవి? కొండలను గోడలను తాకి తిరిగివచ్చు తరంగములవలననే అవి కలిగెడివి. గుడిమంటపమున పెద్దగా మాటలాడిన మాటపై ప్రతిధ్వని పడి ఏమియు తెలియదు. అనుభవజ్ఞుడగు పురాణికుడు ఒక్కొక్క మాటను నిదానముగా పలికి, ప్రతిధ్వని యణగువఱకు క్షణమాగి, పిదప తరువాతి మాట పలుకును. డిజిటల్ ప్రసారమును అట్లే చేయును. అంకెలను ఒకే వాహనముపై త్వరత్వరగా తోలక, వేలకొలది సన్నని వాహక తరంగములపై పంచి, ఒక్కొక్కదానిపై నెమ్మదిగా పలికి, పలుకునకు పలుకునకు నడుమ కొంచెము కావలి యుంచును. ప్రతిధ్వని ఆ కావలిలోనే అణగిపోవును.

ఇంకొక విశేషము. పాతపద్ధతిలో ఒక ఛానెలు పట్టిన స్థలమున ఇప్పుడు పది పండ్రెండు ఛానెళ్లు ఇముడును. అట్లు ఒకటిగా కట్టిన మూటను మల్టిప్లెక్స్ అందురు. బిల్స్‌డేల్ వంటి పెద్ద ప్రసారిణి ఆఱు మూటలను పంపును; చిన్న ఉపప్రసారిణులు చాలవఱకు ముఖ్యమైన మూడింటినే పంపును. మూట చెడిన అందలి ఛానెళ్లన్నియు నొక్కసారే పోవును. ఒక ఛానెలు రాక తక్కినవి వచ్చుచున్న యెడల తప్పు ఆంటెన్నాలో కాక వేఱొకచోట నుండవచ్చునని దీనినిబట్టి గ్రహింపవచ్చును.

64 దినములు

నిప్పు చల్లారినను స్తంభము మఱల పనికి రాదని తేలినది. టీస్ తీరమున ఎస్టన్ నాబ్ అను గుట్టమీది ప్రసారిణిని బలపఱచి, పట్టణములలో ననేకుల యిండ్లకు కొలది దినములలోనే వెలుగు తెచ్చిరి. మా యూరికిని దానికిని నడుమ కొండ యడ్డము. బిల్స్‌డేల్ వద్దనే తాత్కాలిక స్తంభము నిలుపుటకు పూనిరి గాని, అది జాతీయోద్యానములోని రక్షితభూమి. అనుమతుల విషయమున ఆలస్యము కలిగినది.

ఈ లోపల మావంటివారు తోచిన ప్రయత్నములన్నియు చేసిరి. ఆంటెన్నాలు బిగించు పనివాడు మూడు వారములకు గాని దొరకలేదు. అతడు వచ్చి మా యాంటెన్నాను ఎమ్లీ మూర్ వైపు త్రిప్పి చూచెను. ఎండకాసిన వేళ బొమ్మ వచ్చెను. వాన పడగానే పగిలిపోయెను. అమ్మమ్మగారిని పిలిచి చూపితిమి. అప్పుడు ప్రాంతీయ వార్తలు వచ్చుచుండెను; కాని అవి లీడ్సు పట్టణమువారివి. వారు కొంతసేపు చూచి, "ఇది మా వాన కాదు" అని లేచిరి. మాకు మొదట నవ్వు వచ్చినది. పిదప ఆలోచించితిమి. ప్రాంతీయ ప్రసారిణి యనగా కేవలము తరంగములను విసరు ఉక్కుకడ్డి కాదు. ఏ రేవున ఓడ ఆగినదో, ఏ వీధిలో నీరు నిలిచినదో, రేపు మన పెరటిలో బట్టలు ఆఱునో లేదో చెప్పునది. ఏబదేండ్లు ఒక కొండవైపు చూచిన యింటికి వేఱొక కొండ పొరుగూరే.

ఒక సహాయ కార్యాలయమునకు ఫోను చేసితిమి. వివరములకు ఇంటర్నెట్టులో చూడుడని చెప్పిరి. ఇంటర్నెట్టు లేనివారికే గదా ఈ కష్టము! అది యున్నవారు ఆ దినములలో దానివెంటనే కార్యక్రమములు చూచుకొనుచుండిరి. వీధిలో సగము యిండ్లకు స్తంభము కూలినట్లే తోచలేదు. తక్కిన సగమునకు, అందును ముసలివారికి, ఇల్లు ఇల్లుగా నుండలేదు.

సెప్టెంబరు మాసమున ఒక యుదయము జరిగినది వ్రాయుటకు మాకు సిగ్గుగా నున్నది, ఐనను వ్రాయవలయును. బడులు తెఱచిరి. మా వారు పనికి పోయిరి. మేము పిల్లవానిని బడికి పంపి, ఇంటిపని చూచుకొని, పదునొకండు గంటలవేళ అమ్మమ్మగారి తలుపు తట్టితిమి. పలుకలేదు. వారిచ్చిన తాళపుచెవితో తెఱచి చూడగా వారు వంటయింటి నేలమీద నుండిరి. ఉదయము ఏడుగంటలకు ముందే కాలు జారి పడిరట. మణికట్టు విఱిగినది. నాలుగు గంటలు ఆ చల్లని రాతినేలమీద పడియుండి, గోడమీద కొట్టుటకును చేయి అందక, ఊరకుండిరి. వైద్యసహాయకుల బండి వచ్చువఱకు వారి తల మా యొడిలో పెట్టుకొని కూర్చుంటిమి. వారన్న మొదటి మాట, "సూపు మాడిపోలేదు గదా? ఇంకను పొయ్యి వెలిగింపలేదులే" అని.

అంతకుముందు ఏ యుదయముననైనను ఏడుగంటలకు గోడవెంట వార్తలు వినబడనిచో మేము పోయి చూచియుందుము. ఈ నెలరోజులుగా ఆ సవ్వడి ఏ నాడును లేదు. లేకుండుట యలవాటై, దాని లోపము మాకు తెలియలేదు. కొండమీది స్తంభము మా రెండు కుటుంబముల నడుమ నెంత పని చేయుచుండెనో ఆ నాలుగు గంటలు మాకు నేర్పినవి.

నాటి సాయంకాలమే ఒక యొడంబడిక చేసికొంటిమి. ఉదయము లేవగానే అమ్మమ్మగారు గరిటెతో గోడమీద రెండుమారులు కొట్టవలయును. మేము రెండుమారులు బదులు కొట్టవలయును. సాయంకాలము ఆఱున్నరకు, అనగా ప్రాంతీయ వార్తల వేళకు, మేము వారి యింటికి పోవలయును. ఆ సాయంకాలములలో వారు చెప్పిన కథలు ఏ ప్రసారిణియు పంపనివి. 1969లో ఆ స్తంభము లేచినప్పుడు వారి వయస్సు మా యీడే. భర్త కప్పెక్కి ఆంటెన్నా త్రిప్పుచుండగా, వారు చంటిబిడ్డ నెత్తుకొని క్రింద నిలిచి, వచ్చినది, రాలేదు అని కేకలు వేసెడివారట. మేము మా కొండపల్లి ఆంటెన్నా కథ చెప్పితిమి. ఇద్దఱము ఒకే కేకలు వేసినవారమే యని నవ్వుకొంటిమి.

అక్టోబరు 6వ తేదిని పాత స్తంభమును ప్రేలుడు పదార్థములతో కూల్చివేసిరి. 13వ తేది బుధవారము 80 మీటర్ల తాత్కాలిక స్తంభము పలుక మొదలిడెను. ఈ మాఱు మేము తొందరపడలేదు. ఇక శ్రుతి చేసికొనుడని ప్రకటన వచ్చిన పిదపనే రిమోటు ముట్టితిమి. పట్టికలో ఒక్కొక్క ఛానెలే చేరుచుండగా అమ్మమ్మగారు కట్టుకట్టిన చేతిని ఒడిలో పెట్టుకొని చూచుచుండిరి. ఆఱున్నరకు టీస్ ప్రాంతపు వాన తెఱమీద ప్రత్యక్షమయ్యెను. వారు ఆ వాతావరణమును పూర్తిగా విని, ధ్వని తగ్గించి, టీ రెండు గిన్నెలలో పోసి, "నిన్న ఎచ్చట ఆపితిమి?" అని యడిగిరి.

2023లో బిల్స్‌డేల్‌నందు పాతదానికి సమీపమైన యెత్తున క్రొత్త స్తంభము పనిలోనికి వచ్చినది.

ఇక ముందేమి?

ఈ భూతల ప్రసారమునకు ఈ దేశమున 2034 వఱకు మాత్రమే లైసెన్సు గడువు ఇచ్చియున్నారు. ఆ పిమ్మట ఏమి చేయవలయునో విచారించుచు ఆఫ్‌కామ్ అను పర్యవేక్షక సంస్థ 2024 మే నెలలో మూడు మార్గములు సూచించినది. ప్రసారిణులకు క్రొత్త ధనము పెట్టి మేలుచేయుట యొకటి. ముఖ్యమైన కొన్ని ఛానెళ్లను మాత్రము నిలుపుట రెండవది. అందఱను ఇంటర్నెట్టునకు మార్చి స్తంభములను మాన్పుట మూడవది. రెండవ దానికి వారు వాడిన పోలిక "రాత్రిదీపము". ఇల్లంతయు వెలుగకున్నను, లేచినవారు తడబడకుండ మూలనుంచు చిన్న వత్తి యన్నమాట.

స్విట్జర్లండు జాతీయ ప్రసారకులు 2019 జూన్ 3వ తేదిననే భూతల ప్రసారమును మానివేసిరి. మన దేశమునను, సుమారు 50 కీలక స్థానములందలివి తప్ప, దూరదర్శన్‌వారి పాత అనలాగ్ ప్రసారిణులను 2022 మార్చి నాటికి మూసివేయ నిశ్చయించిరి. నెలసరి రుసుము లేని ఫ్రీ డిష్ 2004 నుండియే యుండుటచే మన పల్లెలు చాలవఱకు కప్పుమీది కడ్డీని విడిచి పళ్లెమును ఆశ్రయించినవి. మార్పును నిందించుట మా యుద్దేశము కాదు. వెదురుగడ పోయినదని మేమును కన్నీరు పెట్టలేదు. మేము కోరునది యొక్కటే. క్రొత్తదారి వేయువారు పాతదారిని త్రవ్వివేయుటకు ముందు, ఆ దారిని నడచుచున్న కడపటి ముసలమ్మ చేయి పట్టుకొని దాటింపవలయును. ఆమెకు పెట్టె యిచ్చి, నేర్పి, బిల్లు భారము లేకుండ చేసి, అప్పుడు వత్తిని తీయవలయును. అంతవఱకు రాత్రిదీపము నార్పరాదు.

గృహిణులకు కొన్ని సూచనలు

ఇచ్చటను, ఇతర దేశములలోను భూతల ప్రసారము వాడుచున్న మన సోదరీమణులకును, బిడ్డల కాపురములు చూడ వచ్చు తల్లులకును పనికి వచ్చునని మేము అనుభవమున తెలిసికొన్నవి కొన్ని చెప్పుదుము.

బొమ్మ హఠాత్తుగా పోయిన వెంటనే మఱల శ్రుతి చేయవలదు. ముందుగా పెట్టెవెనుక తీగ ఊడినదేమో చూచి, పొరుగింటి తెఱ వెలుగుచున్నదా యని యడుగవలయును. అందఱికిని పోయిన యెడల ఓపికయే మందు. తరంగములు మాఱినవని ప్రకటన వచ్చినప్పుడే శ్రుతి చేయవలయును.

గాలిపీడనము హెచ్చుగా నుండి ఆకాశము నిర్మలముగా నున్న దినములలో దూరపు ప్రసారిణుల తరంగములు వంగి వచ్చి మనవానితో కలిసి చెఱచుట కలదు. అది ఒకటి రెండు దినములలో దానంతటదియే పోవును.

సంకేతము చాలదని బలవర్ధక యంత్రమును కొనుటకు తొందరపడరాదు. ఉప్పు తక్కువైనను, ఎక్కువైనను కూర చెడును, సంకేతమును అంతే. పైగా ఆ యంత్రము మంచితోపాటు చెడుగును కూడ పెంచును.

పెట్టెలోని పట్టికలలో సంకేతపు బలమును నాణ్యతను చూపు పుట యొకటి యుండును. తెఱ బాగుగా నున్న దినముననే దానిని చూచి వ్రాసి పెట్టుకొనిన, అంచు ఎంత దూరమున నున్నదో తెలియును. నాణ్యత తగ్గుచున్నచో తీగ కీళ్లలో నీరు చేరినదేమో చూపింపవలయును. కప్పు ఎక్కుట మాత్రము పనివానికే విడువవలయును.

కడపటిది పెట్టెకు సంబంధించినది కాదు. మీ గోడ కావలివైపున ఒంటరివారెవరైన నున్నచో, వారి క్షేమమును మీకు తెలుపుచున్నదేదో కనుగొనుడు. అది టెలివిజను సవ్వడి కావచ్చును, వాకిట ముగ్గు కావచ్చును, పెరటి బావిగిలక చప్పుడు కావచ్చును. అది ఒకనాడు నిలిచిపోవచ్చును. నిలిచినప్పుడు మీకు తెలియునట్లు చూచుకొనుడు.

మా యింట నేటికిని ఉదయము ఏడుగంటలకు ముందుగా రెండు దెబ్బలు వినబడును. ఆ వెనుకనే వార్తల సవ్వడియు వచ్చును. తెఱ వచ్చినది గదా, ఇక గరిటె ఏల యని మా పిల్లవా డొకనాడు అమ్మమ్మగారి నడిగెను. "తెఱ నాకు చెప్పును, గరిటె మీకు చెప్పును" అని వారు బదులు చెప్పిరి. మేము గోడ కీవలనుండి రెండు దెబ్బలు కొట్టి, పాలు పొయ్యిమీద పెట్టుదుము.